నాన్న షష్టిపూర్తికి అరవై కానుక చెట్లు: ధర్మవరం వైపు గుట్ట మీద బతుకుతాయా?

ధర్మవరం అమ్మాయి (జూన్ 4)

అందరికీ నమస్కారం. మాది ధర్మవరం దగ్గర ఒక పల్లె. పదకొండేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాం. నవంబరులో నాన్నగారి షష్టిపూర్తి. ఆయన బడిపంతులు, ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. పట్టుబట్టలు, ఉంగరాలు ఆయనకు పట్టవు. ఏమి కావాలని అడిగితే "మీరు వస్తే చాలు" అంటారు.

మా ఊరి వెనక ఒక గుట్ట ఉంది. చిన్నప్పుడు బడి వదలగానే అక్కడికి పరుగెత్తి రేగుపళ్లు, బలుసుపళ్లు ఏరుకునేవాళ్లం. ఇప్పుడది బోడిగుట్ట. ప్రతి వేసవిలో నాన్న ఫోనులో ఆ మాట ఎత్తకుండా ఉండరు. అందుకే ఆయన పేరిట అరవై చెట్లు కానుకగా నాటించాలని అనుకున్నాను. ఒక వెబ్‌సైటులో చెట్టుకు ఇంత అని కడితే పేరుతో పత్రం పంపుతారట. ఎక్కడ నాటుతారని చూస్తే "దక్షిణ భారతదేశం" అని మాత్రమే ఉంది.

అలా కట్టేయడం మంచిదా? మా గుట్ట మీదే నాటించడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గుట్టకింది రైతు (జూన్ 4)

అమ్మా, నీ ఆలోచన చాలా మంచిది. అందుకే ఉన్న మాట చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట మా ఊరి గుట్ట మీద మూడు వందల మొక్కలు నాటాం. ఊరంతా కదిలింది. బడిపిల్లలు, మహిళా సంఘాలు, అధికారులు, ఫోటోలు, మజ్జిగ పాకెట్లు. ఆ రోజు నాకూ కళ్లు చెమర్చాయి. మరుసటి ఏప్రిల్‌లో పైకెక్కి చూస్తే గుంతలు ఉన్నాయి, గుంతల్లో పుల్లలు ఉన్నాయి. బతికినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అవీ గుట్ట మీదివి కావు. మిగిలిపోయిన మొక్కలను ఆడవాళ్లు ఇంటికి తీసుకెళ్లి జాలారి దగ్గర పెట్టుకున్నారు, అంట్లు కడిగిన నీళ్లు తాగి అవి ఇప్పుడు నీడ ఇస్తున్నాయి.

నాటడం ఒక్క పూట పని. ఆ తర్వాత మూడు ఎండాకాలాలు ఎవరు మోస్తారన్నదే అసలు విషయం. ఆ మనిషి ఎవరో తేలకుండా డబ్బు పంపకు.

లెక్కల మాస్టారు (జూన్ 5)

పై రైతు గారి మాటకు నా లెక్క. మొక్కకు వారానికి 10 లీటర్లు అనుకుందాం. ఫిబ్రవరి నుంచి మే చివరిదాకా 17 వారాలు. 60 మొక్కలకు ఒక వేసవికి 10,200 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండుకు కొంచెం పైన. వినడానికి తక్కువే. కానీ ట్యాంకరు గుట్ట ఎక్కదు. వారానికి 600 లీటర్లు, పదిహేను లీటర్ల బిందెలతో నలభై బిందెలు, మనిషి నెత్తి మీద ఎక్కాలి. పదిహేడు వారాలు. మూడేళ్లు. వెబ్‌సైటు వాళ్లను అడగవలసింది చెట్టు ధర ఎంత అని కాదు, ఈ నలభై బిందెలు మోసేవాళ్లకు ఆ ధరలోంచి ఎంత అందుతుందని.

రిటైర్డ్ రేంజర్ (జూన్ 5)

అటవీ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం రాయలసీమలోనే. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మొదట ఆ గుట్ట ఎవరిదో తెలుసుకోండి. రిజర్వు ఫారెస్టు అయితే 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులో గుంత కూడా తవ్వకూడదు. రెవెన్యూ పోరంబోకు అయితే తహసీల్దారు, పంచాయతీ. అక్కడ వన సంరక్షణ సమితి ఉంటే వాళ్లతోనే మాట్లాడటం అన్నిటికంటే సులువు.

ఇక వాన. అనంతపురం ప్రాంతంలో సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదీ ఒక పద్ధతిలో రాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అయి, మనకు గాలిని మాత్రం పంపుతాయి. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే వెలవలేదు. తొలకరి పడగానే జూన్, జూలైలలో నాటిన లేత మొక్కను ఆ గాలే ఎండగడుతుంది. మనకు నమ్మకమైన వాన సెప్టెంబరు, అక్టోబరులలో. కాబట్టి గుంతలు ముందే తవ్వి ఉంచుకుని, నేల మోచేతి లోతు తడిసిన తర్వాత నాటండి.

గుంత పొడవు, వెడల్పు, లోతు మూడూ 45 సెంటీమీటర్లు. పైమట్టిని ఒక పక్కన, అడుగున వచ్చే మొరాన్ని ఇంకో పక్కన వేయాలి. పూడ్చేటప్పుడు పైమట్టి వేళ్లకు అందాలి. ఆ మొరంతో గుంతకు దిగువ వైపు అర్ధచంద్రాకారంలో గట్టు కట్టండి. వాలు మీద పారే నీరు అక్కడ ఆగి ఇంకుతుంది. ప్లాస్టిక్ సంచిని కోసి పూర్తిగా తీసేయండి. అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్లను కత్తిరించండి. చాలామంది సంచితోనే పాతేస్తారు, ఆ మొక్క ఎన్నేళ్లున్నా ఎదగదు. పాదు చుట్టూ చేతిపాటి రాళ్లు పేర్చండి. రాళ్ల కింద తేమ ఎంత కాలం నిలుస్తుందో మే నెలలో ఒక రాయి ఎత్తి చూస్తే మీకే తెలుస్తుంది.

ఏ మొక్కలు? కానుగ, సీతాఫలం పెడితే మేకలు పెద్దగా ముట్టవు. వేప, చిగర, రేల, ఏపి (నారేపి), నల్ల తుమ్మ, రేగు, వాగు పక్కన అయితే ఈత. నర్సరీలో ఎత్తుగా, పచ్చగా కనిపించే మొక్క కోసం ఆశపడకండి. జానెడు కాండం, దిట్టమైన వేరు ఉన్నదే గుట్టకు పనికొస్తుంది. కోనోకార్పస్ అనే పరాయి దేశపు చెట్టు జోలికి అసలు వెళ్లవద్దు.

ఖమ్మం నుంచి (జూన్ 6)

అందరూ భయపెడుతున్నట్టు అనిపించి రాస్తున్నాను. కానుక మొక్కకు విలువ లేదనకండి. మా జిల్లాలో రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు పెళ్లిళ్లకు వెళ్లి మొక్కలే కానుకగా ఇచ్చేవారు. మెడలో "వృక్షో రక్షతి రక్షితః" అని రాసిన పలక, సైకిలు మీద మొక్కలు, జేబు నిండా గింజలు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. మా పెద్దక్క పెళ్లిలో ఒక పెద్దాయన ఆయనను చూసి అలాగే ఒక వేప మొక్క ఇచ్చాడు. మిగతా కానుకలు ఎవరెవరు ఇచ్చారో అక్కకు గుర్తు లేదు. వేప ఇచ్చినాయన పేరు మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇప్పుడు ఆ చెట్టు కింద మా బావగారు మంచం వేసుకుని పడుకుంటారు.

పేరు ముడిపడితే మనిషి చెట్టును వదలడు. అమ్మాయి గారు తన తండ్రి పేరు పెట్టాలనుకోవడంలోని బలం అదే.

గుట్టకింది రైతు (జూన్ 6)

ఖమ్మం గారూ, మీ అక్కగారి వేప ఇంటి ముందు ఉంది. రోజూ కంట్లో పడుతుంది. గుట్ట మీది చెట్టు ఎవరి కంట్లోనూ పడదు. నా బాధంతా అదే. పేరు డాలస్‌లో, పత్రం గోడ మీద, మొక్క మాత్రం ఎండలో. ఆ పేరు ఊళ్లో మనిషికి తెలిసిన పేరు కావాలి, చెట్టు దగ్గరకు నడిచి వెళ్లగల మనిషి కావాలి. పంతులు గారి పేరంటే ఊరికి తెలుసు కాబట్టి ఈ అమ్మాయికి ఆ అవకాశం ఉంది.

పచ్చికబయలు (జూన్ 7)

పక్షులు చూస్తూ సీమంతా తిరుగుతుంటాను. నాటే ముందు ఇంకొక మాట ఆలోచించండి. మనకు బోడిగా కనిపించే ప్రతి నేలా పాడైన అడవి కాదు. నంద్యాల దగ్గర రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టింది బట్టమేక పిట్ట కోసం. అది పచ్చికబయలు పక్షి, దూరం కనిపించే విశాలమైన గడ్డి కావాలి. కొన్నేళ్లుగా అక్కడ అది కంటబడటం లేదు. కడప లంకమల దగ్గర కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్నాక 1986లో మళ్లీ దొరికింది. అది బతికేది దట్టమైన అడవిలో కాదు. ముళ్లపొదలు, పొదల మధ్య కొంచెం ఖాళీ నేల, అంతే. అలాంటి చోట బారులు తీర్చి మొక్కలు నాటితే దాని ఇల్లు మనమే కూల్చినట్టు.

అమ్మాయి గారు రేగు, బలుసు అన్నారు చూడండి, అవి పొదల అడవి గుర్తులు. మీ చిన్నప్పుడు ఆ గుట్ట నిజంగా ఎలా ఉండేదో నాన్నగారిని అడగండి. ఆ రూపానికి తీసుకురావడం పునరుద్ధరణ. దాన్ని తోటగా మార్చడం వేరే పని.

ధర్మవరం అమ్మాయి (జూన్ 9)

మీ అందరి మాటలూ నాన్నకు చదివి వినిపించాను. కానుక రహస్యం కాస్తా బయటపడింది, పోనీయండి! ఆయన నిన్న సాయంత్రం చేతికర్ర పట్టుకుని గుట్ట ఎక్కి వచ్చారట. రాత్రి వీడియో కాల్‌లో ఒక కొమ్మ చూపించారు. సన్నటి ఆకులు, ఈనెకు రెండు పక్కలా దువ్వెన పళ్లలా ఉన్నాయి. "ఇది చిగర, మీ అవ్వ ఎండబెట్టి పొడి చేసి మీ తలకు రుద్దేది, మరిచిపోయావా?" అన్నారు. నాకు ఆ పచ్చివాసన, కంట్లో పడితే మంట, అవ్వ వేళ్లు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఆయన చెప్పింది ఇది. పై నుంచి చూస్తే గుట్ట బోడిగా ఉంది కానీ, వంగి చూస్తే గడ్డిలో చిగర మోళ్లు చాలా ఉన్నాయట. ఒక్కొక్క మోటి నుంచి పది, పదిహేను పిలకలు. మోకాలు ఎత్తు దాటేలోపే మేకలు కొరికేస్తున్నాయి, లేదంటే ఫిబ్రవరిలో ఎవరో గడ్డికి నిప్పు పెడుతున్నారు. అడుగడుగునా తంగేడు, అక్కడక్కడా రేగు ఉన్నాయి. ఒక గంటలో 140 మోళ్లు లెక్కపెట్టారు. పంతులు కదా, నోటు పుస్తకంలో గీతలు గీసుకుని మరీ.

మరి నేను అరవై కొత్త మొక్కలు నాటడం ఎందుకు?

నైరోబీ తెలుగు (జూన్ 10)

అమ్మా, మీ నాన్నగారు వెతికి పట్టుకున్నదానికి ఆఫ్రికాలో పెద్ద చరిత్రే ఉంది. నేను కెన్యాలో పదిహేనేళ్లుగా ఉంటున్నాను కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

నైజర్ దేశంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా ఆయన 1980 తర్వాత మొక్కలు నాటిస్తూ, అవి చస్తూ ఉంటే విసిగిపోయి ఉన్నాడు. ఒకరోజు ఎడారి దారిలో బండి ఆపి, పొద అనుకున్న దాన్ని దగ్గరగా చూస్తే అది నరికిన చెట్టు మోడు, చిగురిస్తోంది. నేల కింద వేళ్ల అడవి బతికే ఉందని అప్పుడు అర్థమైంది. 1983 నుంచి రైతులకు ఆయన చెప్పింది ఒక్కటే పని: మోటికి ఉన్న పిలకల్లో బలమైనవి రెండు మూడు ఉంచి మిగతావి కోయండి, పక్క కొమ్మలు కత్తిరించండి, పశువులను, నిప్పును దూరంగా ఉంచండి. ఇరవై ఏళ్లలో ఆ దేశంలో సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు లేచాయి. నాటినవి కావు, లేచినవి. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం ఇచ్చారు. అదే ఏడాది బుర్కినా ఫాసో రైతు యాకూబా సవడోగోకు కూడా ఇచ్చారు. ఆయన ఎండాకాలంలోనే గుంతలు తవ్వి ఎరువు వేసేవాడు. చెదపురుగులు ఆ ఎరువు కోసం వచ్చి గట్టి నేలను గుల్ల చేసేవి, వాన నీరు లోపలికి దిగేది.

ఇక మా కెన్యా. 1977లో వంగారి మాతాయ్ గారు గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు పల్లె ఆడవాళ్లకు డబ్బు ఇచ్చింది నాటినందుకు కాదు, బతికిన మొక్కకు ఇంత అని. చిన్న మొత్తమే, కానీ దానితో పని తీరే మారిపోయింది. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మీరూ డబ్బు అలా ఇవ్వండి. మొదట కొంత, మొదటి వేసవి దాటాక కొంత, మూడో వేసవి దాటాక ఎక్కువ భాగం.

చెన్నేకొత్తపల్లి దారిలో (జూన్ 11)

నైజర్ దాకా పోనవసరం లేదు, మీ ఊరికి పక్కనే ఉంది. శ్రీ సత్యసాయి జిల్లాలో చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి మండలాల గుట్టల్లో కల్పవల్లి అని ఒక అడవి. 1990 తర్వాత తొలి ఏళ్లలో ముష్టికోవెల ఊరివాళ్లు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి దాన్ని కాపాడటం మొదలుపెట్టారు. అప్పట్లో అదంతా రాళ్లు తేలిన బంజరు. తర్వాత మరికొన్ని ఊళ్లు కలిశాయి. ఇప్పుడు ఏడు వేల ఎకరాలకు పైగా ఉంటుంది. వాళ్లు విత్తనాలు చల్లారు, కొన్ని మొక్కలు నాటారు, నిజమే. అసలు పని మాత్రం కాపలా. వేసవి ముందు గడ్డి కోసి నిప్పు దాటకుండా బాటలు తీయడం, గొడ్డలి రాకుండా చూడటం.

నేను పోయిన ఏడాది వానల తర్వాత వెళ్లాను. నడుము దాకా గడ్డి. వాగు పొడవునా ఈత చెట్లు, వాటి ఆకుతో చాపలు, బుట్టలు అల్లుతున్నారు. కరువు వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల గొర్రెల మందలు మేతకు అక్కడికే వస్తాయట. ఒక బాధ కూడా చూశాను. గాలిమరల కోసం గుట్టల మీద వేసిన దారుల వెంట మట్టి కోసుకుపోయి ఎర్రటి గండ్లు పడ్డాయి. ముప్పై ఏళ్ల కాపలాకు అంత దెబ్బ.

మీ నాన్నగారిని ఒకసారి అక్కడికి తీసుకెళ్లమనండి. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు.

మందవెంట (జూన్ 12)

అందరూ మేకలు, మేకలు అంటున్నారు. మా నాన్న జీవాలు కాచే మనిషి, నేనూ పదో తరగతి దాకా మంద వెంట తిరిగినవాణ్ణే. చెట్లు నాటిన ప్రతిసారీ మొదట దోషి అయ్యేది మేము. ఒక్కరోజు కూడా మమ్మల్ని కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు. తెల్లారి వెళ్తే గుట్ట చుట్టూ కంచె. జీవాలను ఎక్కడికి తోలాలి?

మేము అడివికి శత్రువులం కాము. వేసవిలో తుమ్మకాయలు తిన్న మేక పెంటికలోంచి వచ్చిన గింజ ఎంత బాగా మొలుస్తుందో రేంజర్ గారిని అడగండి. గుట్ట మొత్తం మూయవద్దు. ఒక పక్క రెండు వానాకాలాలు వదిలేయండి, ఇంకో పక్క మాకు ఉంచండి. మూసిన పక్క గడ్డిని కోసుకుపోనివ్వండి. మోళ్ల దగ్గర ఏది చిగర, ఏది రేగు అని మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కాపలా కూలి ఇచ్చేదేదో మంద కాచేవాళ్లకే ఇవ్వండి. గుట్ట మీద పొద్దస్తమానం ఉండేది మేమే కదా.

రిటైర్డ్ రేంజర్ (జూన్ 12)

మందవెంట గారు చెప్పింది అక్షరాలా నిజం. తుమ్మ గింజకు పెంకు గట్టిది, మేక కడుపులో అది మెత్తబడుతుంది. మేము నర్సరీలో వేడినీళ్లలో నానబెట్టి చేసే పనిని అది నడుస్తూ చేస్తుంది. ఉద్యోగంలో ఉండగా నేనూ కంచెలే వేయించాను, కాపరులను పిలిచి మాట్లాడింది చాలా తక్కువ. ఆ మాట ఇక్కడ చెప్పాలనిపించింది.

పిలకల విషయంలో ఒక జాగ్రత్త. ఒకేసారి అన్నీ కోయకండి. మొదటి ఏడు మూడు నాలుగు ఉంచి, రెండో ఏడు ఒకటో రెండో మిగల్చండి. గాలికి ఒకటి విరిగినా ఇంకొకటి ఉంటుంది. కొత్త మొక్కలు అసలు వద్దని కాదు. మోళ్లు లేని చోట, కుంకుడు, ఉసిరి, ఏపి లాంటివి ఆ గుట్టలో పూర్తిగా పోయి ఉంటే, అవి నాటాలి. కానీ ఇరవై చాలు.

లెక్కల మాస్టారు (జూన్ 13)

ఇరవై మొక్కలకు మట్టికుండ పద్ధతి పెట్టండి. పాదులో కాల్చిన కుండను మెడ దాకా పాతి వారానికి నాలుగు లీటర్లు నింపితే, నీరు మెల్లగా ఊరి వేళ్లకు అందుతుంది, ఎండ తాగదు. వారానికి 80 లీటర్లు. నలభై బిందెలు ఆరు బిందెలకు దిగాయి.

ధర్మవరం అమ్మాయి (అక్టోబరు 19)

ఇన్నాళ్లూ రాయనందుకు మన్నించండి. వెబ్‌సైటులో డబ్బు కట్టలేదు.

గుట్ట రెవెన్యూ భూమి అని తేలింది. పంచాయతీ తీర్మానానికి రెండు నెలలు పట్టింది. ఉత్తరం వాలు ఐదెకరాలు మూడేళ్లపాటు మేతకు మూసి ఉంచుతారు, దక్షిణం వైపు జీవాలకు. నాన్న దగ్గర చదువుకున్న ఇద్దరు కాపరులే కాపలా. వాళ్లకు నెలకు కొంత, మూడో వేసవి తర్వాత బతికిన మోటికి, మొక్కకు లెక్కగట్టి ఇంకొంత. అది రాతపూర్వకంగా రాసుకున్నాం. గడ్డి కోత ఊరివాళ్లకు ఉచితం. పోయిన నెల మంచి వాన పడ్డాక ఇరవై మొక్కలు పెట్టారు: ఉసిరి, కుంకుడు, ఏపి. నలభై చిగర మోళ్లకు పిలకలు దిద్దారు. ఇరవై, నలభై కలిపితే అరవై అయ్యాయని నాన్న సంతోషం.

ఒక్కొక్క మోటి పక్కన ఒక చదునైన రాయి పెట్టి, తెల్ల రంగుతో అంకె వేస్తున్నారాయన. 31వ అంకె మోటికి మాత్రం అంకె కాకుండా మా అవ్వ పేరు రాశారు. ఫోటోలో అది చూసి చాలాసేపు ఏడ్చాను. నవంబరులో మేమంతా వస్తున్నాం. మా పిల్లలకు చిగరాకు పొడితో తలంటు పోయాలని అమ్మ ఇప్పటినుంచే ఆకు ఎండబెడుతోంది.

గుట్టకింది రైతు (అక్టోబరు 20)

పంతులు గారికి నా నమస్కారం చెప్పు తల్లీ. కుండల మూతుల మీద పగిలిన పెంకులు పెట్టించు, లేదంటే తేళ్లు చేరతాయి, ఉడతలు పడి చస్తాయి. ఆకు వాడే దాకా ఆగకుండా ఫిబ్రవరి మొదటి వారంలోనే నీళ్లు మొదలుపెట్టమను. నిప్పు బాట సంక్రాంతికి ముందే గీయించాలి, గడ్డి పూర్తిగా ఎండాక కోస్తే కోసేవాళ్ల బీడీయే చాలు. జనవరిలో ఒకరోజు నేనే బండేసుకుని వస్తాను, మా ఊరి పిల్లలు ఇద్దరిని కూడా తీసుకొస్తాను. మా గుట్ట మీద కూడా మోళ్లు ఉన్నాయేమో వంగి చూడటం వాళ్లు నేర్చుకోవాలి.